రెండు వందల అడుగులు

కాగితం మిల్లు గేటు దగ్గర
నా పని చూడటం.
ముట్టుకోవడం కాదు, తీర్పు చెప్పడం కాదు,
చూసి, అట్టకు బిగించిన కాగితంలో టిక్కు పెట్టడం.
చూసీ చూడనట్టు పోవడం మా అమ్మ నేర్పిన విద్య.
జీతం మాత్రం చూసినందుకే ఇస్తారు.

ఆ నవంబరు, ఓక్లహోమాలో జింకల వేట మొదలయ్యాక
మొదటి సోమవారం
కంపెనీ ఒక కుక్కను అద్దెకు తెచ్చింది.
పేరు బిస్కట్. మర్యాదైన కుక్క.
ట్రక్కు ట్రక్కుకీ ముక్కు ఆనించి
మందుగుండు వాసన తగిలిన చోట
బుద్ధిగా కూర్చునేది.
ఆ మధ్యాహ్నం పదకొండు సార్లు కూర్చుంది.

వెర్లిన్ స్టోవాల్ ట్రక్కు దగ్గర కూడా.
సీటు వెనక, చిరిగిన దుప్పట్లో
వాళ్ల తాత రైఫిలు.
పొద్దున్నంతా ఓక్ చెట్ల కింద మాటేసి
ఒట్టి చేతులతో నేరుగా మూడింటి షిఫ్టుకొచ్చాడు.
ఇరవై రెండేళ్లుగా గుజ్జు తొట్టెల దగ్గర
ఒక్క రోజు ఆలస్యం లేని మనిషి.
"తాళం వేసే ఉంది కదా ఒడెల్లా" అన్నాడు,
నా వైపు కాదు, కుక్క వైపు చూస్తూ.
నేను టిక్కు పెట్టాను.

మేనేజరు హెంబ్రీ చెడ్డవాడేం కాదు.
"మీ ఇంటికొచ్చి బురద బూట్లతో
సోఫా ఎక్కితే ఊరుకుంటారా?
ఇదీ అంతే. జాగా మాది, మాట మాది."
ఆయన ఇదివరకు పనిచేసిన మిల్లులో
భోజనాల గదిలో మూడు కుర్చీల మీద
ఎవరూ కూర్చోరట.
ఎందుకో నాకొక్కదానికే చెప్పాడు, ఒకసారి,
వాన వెలిసేదాకా నా గుడిసెలో నిలబడి.

వెర్లిన్ అడిగాడు:
"చక్రాల కింద తారు మీది.
చక్రాల పైన ఇనుము నాది.
లోపలి గాలి ఎవరిదో
కొలిచి చెప్పే టేపుందా మీ దగ్గర?"

పక్కనే విల్బర్న్ ఇంప్సన్, చోక్టా వాడు,
కాఫీ ఊదుకుంటూ నవ్వాడు.
"జాగా ఎవరిదన్న మాట మొదలెడితే
నన్నూ పిలవండి.
కుర్చీ నేనే తెచ్చుకుంటాను."

నా సంగతి ఎవరూ అడగలేదు.
నా కారు గేటు లోపల ఉండదు.
రోడ్డవతల, బాప్టిస్టు చర్చి కంకరలో పెడతాను.
డాష్‌బోర్డు అరలో, గ్లవుజుల కింద
అయిదు గుళ్ల చిన్న రివాల్వరు.
రాత్రి పదకొండింటికి దిగితే
ఇంటికి నలభై మైళ్ల చీకటి.
ఆ చీకట్లో ఎక్కడో ఒక మాజీ మొగుడు,
కోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
దాని మూలతో పళ్ల సందులు కెలుక్కున్నవాడు.
గేటు నుంచి కారుదాకా రెండు వందల అడుగులు.
అక్కడే నాకది కావాలి.
అక్కడే నా దగ్గరుండదు.

పదకొండు మందినీ పంపేశారు.
వెర్లిన్ తన భోజనం డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.
మరిచిపోయాడో, ఇచ్చాడో.
ఇంకా నా దగ్గరే ఉంది.

తర్వాత రాజధానిలో చట్టం మారింది.
తాళం వేసిన బండిలో ఏమున్నా
ఇక అడగకూడదట.
కంపెనీ లాయర్లు కోర్టుకెళ్లారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు.
వెర్లిన్ మాత్రం తిరిగి రాలేదు.
చట్టానికి మెడ వెనక్కి తిరగదట.
గేటు ముందు పసుపు గీతకు కొత్త రంగు వేశారు,
అదెందుకో.

మొదటిసారి కారు లోపల పెట్టాను.
షిఫ్టు దిగి, తలుపు తీసి, అరలో చెయ్యి పెడితే
చల్లగా తగిలింది.
గుండె కుదుటపడింది,
ఒక్క నిమిషం.
తర్వాత తలెత్తాను.
సోడియం దీపాల కింద వరసలు వరసలుగా
మూడు వందల పన్నెండు బండ్లు.
ఒక్కో బండికీ ఒక అర,
ఒక్కో అరకూ ఒక మనిషి,
ఆ మనిషికి ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో
రాయడానికి నా కాగితంలో గడి లేదు.

మర్నాడు
స్టీరింగు ఎటు తిప్పానో చెప్పను.
ఆ రాత్రి చర్చి కంకర మీద మంచు పట్టింది.
నేనటు నడిచి ఉంటే
అడుగులు పడే ఉంటాయి.
తెల్లారి ఎండ రాగానే
అవీ పోయి ఉంటాయి.